ఆరువందల నలభై మందికి ఒక్క లింకు

ఆవిడకి పేరు లేకపోలేదు. పెన్షను కాగితాల్లో నిండుగా ఉంది, ఇంటిపేరుతో సహా. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక బడి ఫీజు కౌంటర్లో కూర్చున్న మనిషిని పేరు పెట్టి పిలిచే తీరిక ఎవరికుంటుంది చెప్పండి? వరసలో నిలబడ్డవాళ్ళంతా "కౌంటరక్కా" అన్నారు. హెడ్మాస్టరూ అదే అన్నాడు. చివరికి రిటైరైన రోజు బహుమతిగా ఇచ్చిన గోడగడియారం మీద కూడా "కౌంటరక్క గారికి" అనే చెక్కించారు. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఇంటికి తెచ్చి మేకు కొట్టి తగిలించుకుంది.

ఆ కౌంటరు సంగతి కాస్త చెప్పాలి. చిన్న గది, గదికి ముందు మసక అద్దం, అద్దం అడుగున అర్ధచంద్రంలా ఒక కన్నం. ఆ కన్నంలోంచి చేతులు లోపలికొచ్చేవి. మొహం చూడాలంటే వంగాలి. ఆవిడా వంగేది కాదు, వాళ్ళూ వంగేవారు కాదు. చెయ్యి కనబడగానే ఆవిడ నోటి వెంట వచ్చే మాట ఒక్కటే: "ఏం పని?" పని చెబితే చిటికెలో చేసి పెట్టేది, అందులో వంక పెట్టడానికి లేదు. పనయ్యాక కూడా ఎవరైనా కదలకుండా నిలబడి "ఎండ మండిపోతోందండీ" అన్నారో, "సరే మరి, తరవాతెవరు?" అనేది. పొగరేం కాదు. వెనక నలభై మంది నిలబడి ఉంటే ఎండ గురించి కబుర్లు చెప్పుకుంటూ కూర్చోగలదా?

ఫీజు ఆలస్యమైనవాళ్ళకి ఫోన్లు చేసే పని కూడా ఆవిడదే. అలా ఏటికేడూ ఆవిడ ఫోన్లో నంబర్లు పోగుపడ్డాయి. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆవిడకి పేర్లు గుర్తుండవు. చేతులు గుర్తుంటాయి, గొంతులు గుర్తుంటాయి, ఎవరు ఎలా విసిగించారో అది మరీ బాగా గుర్తుంటుంది. అందుకని నంబర్లన్నీ అలాగే రాసుకుంది. 'చిల్లరివ్వడు', 'ఎప్పుడూ ఆలస్యం', 'మూడుసార్లు లెక్కపెట్టే ఆవిడ', 'ఏడుపుగొంతు సూటు', 'రెండుంగరాలు', 'తడిచేతులావిడ'. తన ఫోనూ, తన రాతా. ఎవరు చూడొస్తారు?

రిటైరయ్యాక ఆవిడ ఉండేది మూడో అంతస్తులో, ఒక గదీ వంటిల్లూ. మొదటి నెలంతా పొద్దున్న తొమ్మిదింటికల్లా తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చెప్పులేసుకోబోయి ఆగిపోయేది. రెండో నెలకి ఆ అలవాటు పోయింది. ఆ తరవాత పోవడానికి ఇంకేమీ మిగల్లేదు. గిన్నె ఒకటే, కంచం ఒకటే, కడగడానికి రెండు నిమిషాలు. మిగిలిన రోజుని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. గడియారం మాత్రం గంట గంటకీ కొడుతుండేది. కరెంటు మీటరు చూసేవాడు నెలకోసారి తలుపు తడితే ఆవిడ గబగబా వెళ్ళి తీసేది. తీసి ఏమనేదనుకున్నారు? "ఏం పని?"

పెళ్ళి మాటెత్తకండి. అమ్మ పోయేనాటికి ఈవిడకి ఇరవై రెండు, చెల్లెలికి తొమ్మిది. చెల్లెల్ని చదివించి, ఉద్యోగంలో కుదిర్చి, ఒక ఇంటిదాన్ని చేసేసరికి తన పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, తనతో సహా. చెల్లెలిప్పుడు అదే నగరంలో, బస్సులో గంట దూరంలో ఉంటుంది. బీమా ఆఫీసులో పని, మొగుడు, కాలేజీకెళ్ళే కొడుకు, పన్నెండేళ్ళ కూతురు. ఊపిరాడని సంసారం. అయినా ఆదివారం పదకొండింటికి ఫోన్ మాత్రం తప్పేది కాదు.

"అక్కా, చిన్న పనుంది."

అదీ పిలుపు. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. పిల్లాడి దరఖాస్తు నింపిపెట్టు. కర్టెన్ల అంచులు కుట్టిపెట్టు. మూడేళ్ళ కరెంటు బిల్లులు తేదీలవారీగా సర్దిపెట్టు. కాగితాలూ గుడ్డలూ కొరియర్లో వచ్చి, కొరియర్లోనే పోయేవి. ఆవిడ సణిగేది. "నీకు చేతులు లేవుటే?" అనేది. అంటూనే ఏ బిల్లు ఎక్కడ పెట్టాలో, ఏ గడిలో ఏం రాయాలో, దారం ఏ రంగుదో అడుగుతూ, చెబుతూ, తిడుతూ గంటసేపు ఫోను పెట్టేది కాదు. ఆ గంటే ఆవిడకి వారమంతటికీ మాట్లాడే గంట. అది ఆవిడకి తెలుసు. తెలిసినా ఒప్పుకోదు, మొండిఘటం.

కిందటేడు ఒక ఆదివారం ఆవిడకి జ్వరం. మూడు రోజుల్నించీ మంచినీళ్ళు కూడా చేదుగా ఉన్నాయి. ఫోను మోగింది. "గొంతేంటక్కా అలా ఉంది?" అన్నట్టే అని, చెల్లెలు వెంటనే పాత రసీదుల్లోకి దిగిపోయింది. ఆవిడ ఆ రసీదుల సంగతంతా తీరుబడిగా చెప్పి, ఫోను పెట్టేసి, ఒళ్ళు మండిపోయి, అంతవరకూ 'చెల్లి' అని ఉన్న పేరు చెరిపేసి 'పనుంటేనే చెల్లి' అని రాసింది. జ్వరం తగ్గింది. పేరు అలాగే ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒక రోజు పొద్దున్న పదింటికి ఎవరో అమ్మాయి ఫోను చేసింది. ఆన్‌లైన్‌లో పిల్లలకి ట్యూషన్లు చెప్పే కంపెనీ అట. తను అక్కడ కోఆర్డినేటరట.

"మేడమ్, మీరు స్కూల్లో పనిచేశారు కదా. మీకు తెలిసిన పేరెంట్స్ ఎంతమంది ఉంటారు?"

"ఫోన్లో ఉన్నవాళ్ళయితే ఆరువందల నలభై."

"మేడమ్! మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు మేడమ్!"

ఆ మాట ఆవిణ్ణి ఈమధ్య ఎవరూ అడగలేదు. పని ఏమిటో ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. కంపెనీ ఆవిడకో లింకు ఇస్తుంది. అందులో ఆవిడ గుర్తు దాగి ఉంటుంది. ఆవిడ ఆ లింకు తెలిసినవాళ్ళకి పంపాలి. వాళ్ళు దాన్ని నొక్కి, పిల్లల్ని ఒక ఉచిత క్లాసులో కూర్చోబెట్టి, నచ్చి చేరితే, ఆవిడకి కమీషను. లింకు నొక్కకుండా నేరుగా వెళ్ళి చేరారో, అది ఆవిడ లెక్కలోకి రాదు. అంతే.

కమీషను కోసం ఆవిడ ఒప్పుకుందని మీరనుకుంటే పొరపాటే. ఒంటి ప్రాణానికి పెన్షను చాలు. "రోజూ పొద్దున్న పదింటికి ఫాలోఅప్ కాల్ చేస్తాను మేడమ్" అందా పిల్ల. ఆ ముక్క దగ్గరే ఆవిడ పడిపోయింది. మర్నాటినుంచి తొమ్మిదిన్నరకే కాఫీ తాగేసి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

ఒక్కొక్కళ్ళకీ ఫోన్లు మొదలెట్టింది. పాపం, ఆవిడ మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆవిడ ఫోన్లో పిల్లలు పెరగలేదు గానీ, బయట పెరిగారు.

"మా వాడికి ట్యూషనా? వాడికి పెళ్ళయి ఇద్దరు పిల్లలండీ!"

"మరి ఆ పిల్లలకి?"

"ఒకడికి ఇంకా పళ్ళే రాలేదండీ."

కొందరు "మీటింగులో ఉన్నాం" అన్నారు. కొందరు "ఏ కౌంటరు?" అన్నారు. ఒకాయన అంతా శ్రద్ధగా విని, లింకు పక్కన పెట్టి నేరుగా కంపెనీకి ఫోను చేసి చేరి, తరవాత ఈవిడకే ఫోను చేసి "మంచి సలహా ఇచ్చారండీ" అని ధన్యవాదాలు చెప్పాడు. ఆవిడ తల గోక్కుంది. ఎవరైనా పొరపాటున "మీరెలా ఉన్నారు?" అని అడిగితే, "బాగానే ఉన్నా, లింకు పంపుతున్నా, ఉంటా మరి" అని పెట్టేసేది. వరసలో ఇంకా ఎంతమంది ఉన్నారో!

నెలాఖరు దగ్గర పడేసరికి మూడే మూడు ఉచిత క్లాసులు కుదిరాయి. కోఆర్డినేటరు పిల్ల గొంతులో ఉత్సాహం తగ్గింది. "నెలకి పది డెమో క్లాసులు లేకపోతే మీ అకౌంటు నిద్రపోతుంది మేడమ్. అప్పుడు నేను మీకు కాల్ చెయ్యడానికి ఉండదు."

"ఉండదంటే?"

"నా లిస్టులో మీ పేరు రాదు మేడమ్. కంగారు పడకండి. యాప్‌లో కింద ఆకుపచ్చ బటన్ ఉంది చూడండి, 'అందరికీ' అని. నొక్కితే ఫోన్లో ఉన్న వాళ్ళందరికీ ఒకేసారి మెసేజ్ వెళ్ళిపోతుంది. అదీ ఊరికే కాదు, ఎవరి పేరుతో వాళ్ళకి. పేరు పెట్టి పిలిస్తే ఆప్యాయంగా ఉంటుంది కదా మేడమ్."

నిజమేననిపించింది ఆవిడకి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడైనా పిలిస్తే పోలా? కళ్ళజోడు తుడుచుకుని, బటను వెతుక్కుని, నొక్కింది. గురువారం, పదిన్నర. ఒక పచ్చగీత నెమ్మదిగా నిండి, "ఆరువందల నలభై మందికి పంపబడింది" అని వచ్చింది. ఆవిడ పొంగిపోయింది. లేచి ఇంకో కాఫీ పెట్టుకుంది.

కాఫీ పొంగకముందే ఫోను మోగింది.

"హలో, ఏం పని?" అందావిడ.

"నేనండీ," అంది అవతలి మగగొంతు, మహా మర్యాదగా. "చిల్లరివ్వడు గారిని."

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన చదివి వినిపించాడు: "నమస్కారం చిల్లరివ్వడు గారూ! మీ పిల్లల చదువు గురించి ఆలోచిస్తున్నారా? మొదటి క్లాసు ఉచితం. నేను స్వయంగా చూసి నమ్మాను. ఇట్లు మీ శ్రేయోభిలాషి." చదివి, గొంతు మార్చాడు. "ఏమండీ, నేను చిల్లరివ్వలేదా? నేనా? ఎప్పుడండీ?"

ఆవిడ నాలిక్కరుచుకుంది. ఏం చెప్పినా వినేవాడెవడు? ఆయన పెట్టేలోపు ఇంకొకరు, వాళ్ళు పెట్టేలోపు మరొకరు. ఏడుపుగొంతు సూటు ఒంటికాలి మీద లేచాడు. కోర్టుకెళతానన్నాడు. మూడుసార్లు లెక్కపెట్టే ఆవిడ "లెక్కపెట్టుకోకపోతే మీరు తక్కువిస్తే?" అని అరిచి పెట్టేసి, ఇంకేదో గుర్తొచ్చి మళ్ళీ చేసి అరిచింది, అలా మూడుసార్లు. ఎప్పుడూ ఆలస్యం మాత్రం మధ్యాహ్నం రెండింటికి తీరిగ్గా చేసి, విరగబడి నవ్వాడు. "అందరూ పొద్దున్నే తిట్టేసుంటారు, నేనే ఆలస్యం కదండీ!" ఆవిడకీ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళయిందో అలా పైకి నవ్వి. చెవులు హోరెత్తిపోయాయి, మొహం సిగ్గుతో కాలిపోయింది, అయినా లోపలెక్కడో ఒక మూల, చెప్పుకోకూడదు గానీ, బాగానే ఉంది. ఏడాదంతా కలిపినా రానన్ని ఫోన్లు ఆ ఒక్క రోజే వచ్చాయి.

అన్నిటికన్నా వేరుగా వచ్చింది ఒక ఫోను.

"అమ్మా, నేను... తడిచేతులావిణ్ణి."

ఆవిడకి వెంటనే గుర్తొచ్చింది. ఎక్కడో గిన్నెలు తోమే పనిలోంచి పరిగెత్తుకొచ్చేది. కన్నంలోంచి చెయ్యి పెడితే కాగితాలు తడిసేవి.

"తప్పయిపోయిందమ్మా, ఏదో గుర్తుకోసం..." అంది కౌంటరక్క.

"తప్పేంటమ్మా. అన్నేళ్ళు ఎవరూ నా మొహం చూసింది లేదు. మీరు చేతులన్నా చూశారు. మా అమ్మాయి ఇప్పుడు నర్సమ్మా. మీకు చెబుదామని."

"మంచిది. మరి, ఏం పని మీద చేశావు?"

"పనేం లేదమ్మా. ఊరికే."

ఊరికే అంటే ఏం చెయ్యాలో కౌంటరక్కకి తోచలేదు. "సరే మరి, ఉంటా" అంది. పెట్టేశాక గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఏ ఆసుపత్రిలో పనిచేస్తోందో అడిగి ఉండాల్సింది.

మూడు దాటాక ఫోన్లు తగ్గాయి. ఆవిడ మంచం మీద కూలబడి, ఎవరెవరికి ఏమేం వెళ్ళిందో వేలితో జరుపుతూ పోయింది. ఒక చోట వేలు ఆగిపోయింది.

నమస్కారం పనుంటేనే చెల్లి గారూ!

పక్కన రెండు నీలం టిక్కులు. చదివేసింది. పొద్దున్న పదీ ముప్ఫై మూడుకే చదివేసింది. అన్ని ఫోన్లలో ఆ ఫోను రాలేదు.

ఆవిడ చెల్లెలికి ఫోను చెయ్యబోయింది, ఏమని చెయ్యాలి? 'అది నువ్వు కాదు' అందామా? ఉన్నది ఒక్కతే చెల్లెలు, ఇంకో చెల్లెలి మీదికి నెట్టడానికి కూడా లేదు. ఆదివారం ఎలాగూ చేస్తుందిగా, అప్పుడే చెబుదాం అనుకుంది.

శుక్రవారం పదింటికి కోఆర్డినేటరు పిల్ల చేసింది. "మేడమ్, పద్నాలుగు మంది లింకు నొక్కారు" అని, ఆగి, "కానీ చాలామంది కంప్లయింట్ ఇచ్చారు మేడమ్. సిస్టమ్ మీ అకౌంటు మూసేసింది. నా చేతుల్లో లేదు" అంది.

"అది సరేగానీ, రేపు పదింటికి చేస్తావుగా?"

"చెప్పాను కదా మేడమ్, నా లిస్టులో మీరు ఉండరు." ఆ పిల్ల గొంతు మెత్తబడింది. "ఆరోగ్యం జాగ్రత్త మేడమ్." మర్నాడు ఆవిడే ఆ నంబరుకి చేసింది. ఇంగ్లీషులో ఎవరో రికార్డు గొంతుతో ఏదో చెప్పి పెట్టేశారు.

ఆదివారం పదకొండయింది. గడియారం పదకొండు గంటలూ కొట్టింది. ఫోను ఒళ్ళో ఉంది. చార్జింగు చూసింది, నిండుగా ఉంది. పాడైందేమోనని ఆపి మళ్ళీ ఆన్ చేసింది. పన్నెండు కొట్టింది. అన్నం వండుకోలేదు. ఆ వారం ఆవిడ ఎవరితోనైనా మాట్లాడిందంటే కూరగాయల బండివాడితో, అదీ చిల్లర గురించి.

వచ్చే ఆదివారం కూడా మోగకపోతే? ఆ ప్రశ్న ఏడు రోజులూ ఆవిడ వెంట తిరిగింది. ఆవిడ ఫోన్లో ఆరువందల నలభై నంబర్లున్నాయి, కానీ అటునుంచి మోగే నంబరు ఒక్కటే. అది పోతే ఇంకేమీ లేదు. రెండో ఆదివారం పదకొండూ మోగకుండానే దాటింది. ఆవిడ చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని, మూడంతస్తులూ దిగి బస్సెక్కింది.

చెల్లెలే తలుపు తీసింది. "రా అక్కా" అంది. గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది ఆవిడకి. మరిది పేపరుతో సహా చల్లగా లోపలికి జారుకున్నాడు. చెల్లెలి కూతురు మాత్రం ఎదురొచ్చి, "పెద్దమ్మా, నన్నేమని పెట్టుకున్నావ్ ఫోన్లో?" అనడిగింది.

"నీకు ఫోనెక్కడిదే?"

"వచ్చే ఏడు కొంటారుగా. మంచి పేరు ఆలోచించు." తల్లి కళ్ళెర్రజేస్తే ఆ పిల్లా లోపలికి పోయింది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింటి బల్ల దగ్గర మిగిలారు. కౌంటరక్క దారంతా కూడబలుక్కున్న మాటలు వదిలేసి, "జ్వరంలో రాశానే అది. ఒళ్ళు తెలీక" అంది.

"ఒళ్ళు తెలిసే రాశావులే" అంది చెల్లెలు. లేచి లోపలికెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. "చూడు."

పెట్టెలో కరెంటు బిల్లులు, తేదీలవారీగా, దారంతో కట్టి. ఆ ముడి తనదే. అంచులు కుట్టిన కర్టెన్లు, ఇస్త్రీ మడత విప్పకుండా. పిల్లాడి కాలేజీ దరఖాస్తు, తన ముత్యాల్లాంటి రాతతో.

"ఇది కాలేజీలో ఇవ్వలేదుటే?" కౌంటరక్క బిత్తరపోయింది. "మరి వాడెలా చేరాడు?"

"ఆన్‌లైన్‌లో నేనే నింపాను. బీమా ఆఫీసులో పొద్దస్తమానం నేను చేసే పనేంటక్కా? దరఖాస్తులు నింపడమేగా."

"మరి నాతో ఎందుకు చేయించావ్?"

చెల్లెలు కర్టెను మడత మీద చేత్తో రాస్తూ కూర్చుంది. తరవాత ఒక్కసారిగా కట్ట తెగినట్టు మొదలెట్టింది.

"నువ్వు రిటైరైన కొత్తలో ఊరికే చేశాను ఫోను. గుర్తుందా? ఉండదు. 'ఏం పని' అన్నావ్. పనేం లేదక్కా, ఊరికే అన్నాను. 'సరే మరి, ఉంటా' అని పెట్టేశావ్. మళ్ళీ వారం చేశాను. మళ్ళీ అంతే. మూడోసారి బిల్లులు ఎలా సర్దాలో తెలీటం లేదన్నాను. గంట మాట్లాడావక్కా! తిట్టావు, నవ్వావు, అమ్మ సంగతి కూడా ఎత్తావు. అప్పుడర్థమైంది నాకు, నీతో మాట్లాడాలంటే కన్నంలోంచి చెయ్యి పెట్టి ఏదో ఒక కాగితం ఇవ్వాలని. అప్పట్నించీ ప్రతి శనివారం నా పని అదే. రేపు అక్కకి ఏం పని చెప్పను? ఇంట్లో చెయ్యాల్సిన పనులన్నీ ముందే చేసేసి, చెయ్యక్కర్లేని పని ఒకటి వెతుక్కునేదాన్ని. మంచి కర్టెన్ల అంచులు విప్పి నీకిచ్చానే!"

కౌంటరక్క కర్టెను అంచు తిరగేసి తన కుట్టు చూసుకుంది.

"ఆ జ్వరం రోజున అడిగాను, గొంతేంటక్కా అలా ఉందని. 'ఏం లేదు, పని చెప్పు' అన్నావ్. చెప్పాను. ఇంకేం చెయ్యను?" చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. "పనుంటేనే చెల్లి అన్నావు. పని లేకుండా నువ్వు నన్నెప్పుడైనా రానిచ్చావా?"

లోపల టీవీ శబ్దం ఎవరో తగ్గించారు. కౌంటరక్కకి ఏదైనా చెప్పాలనిపించింది. "నాకు తెలీదే" అంది. అది నిజం కూడా. అంత నిజం అంత చిన్నగా ఉంటే ఆవిడకే తల కొట్టేసినట్టయింది.

చెల్లెలు అన్నం పెట్టింది. తిన్నారు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే చెల్లెలంది, "నేనింక వెతకలేనక్కా. పనులయిపోయాయి. ఈసారి నువ్వు చెయ్యి. పనేం లేకుండా చెయ్యి, చూద్దాం."

బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీట్లో ఎవరో పెద్దాయన "ఈ బస్సెప్పుడూ ఇంతేనండీ" అన్నాడు. ఆవిడ అటు తిరిగి జవాబు చెప్పాలనుకునేలోపు ఆయన స్టాపు వచ్చేసింది.

ఆ వారం ఎంత పొడుగ్గా నడిచిందో చెబితే మీరు నమ్మరు. ఆవిడ ఫోను తీసి ముందు ఆ పేరు మార్చింది. 'చెల్లి' అని రాసింది. తరవాత కూర్చుని, ఆదివారం ఏం మాట్లాడాలా అని ఆలోచించింది. ఆలోచించేకొద్దీ ఆవిడకి భయమేసింది. గొడుగు వాళ్ళింట్లో మరిచిపోయి వచ్చింది. గొడుగు గురించి అడగొచ్చు. అబ్బే, అది పనే అవుతుంది. పిల్లాడి పరీక్షలు? అదీ పనే. తన సంగతి ఏదైనా చెబుదామంటే, చెప్పుకోవడానికి ఏముంది? కంచం కడిగాను, గిన్నె కడిగాను. అరవై ఏళ్ళ మనిషి, ఒక్క కబురు లేదు. శనివారానికి ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది. ప్రతి శనివారం చెల్లెలు ఇలా ఎన్నాళ్ళు కూర్చుని ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆదివారం గడియారం పదకొండు కొట్టడం మొదలెట్టింది. ఆఖరి గంట దాకా ఆగి, నంబరు నొక్కింది. అటు మోగింది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. ఎత్తదేమో అనుకుంటుండగా ఎత్తింది.

"చెప్పక్కా," అంది చెల్లెలు. "ఏం పని?"

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తనన్న మాట అటునుంచి వినబడేసరికి కౌంటరక్క ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. "పనేం లేదు" అంది. "ఊరికే."

అవతల కొళాయి కట్టేసిన చప్పుడైంది. కుక్కరు ఒక కూత వేసింది. ఇద్దరూ ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో, "సరే మరి, ఉంటా" అన్నది ఆవిడ నాలిక చివరిదాకా వచ్చేసింది. గట్టిగా అరచేత్తో నోరు మూసుకుంది. మూసుకుని, గదంతా కలయజూసింది. మంచం, కంచం, గడియారం, కిటికీ. కిటికీ బయట తెల్లటి ఎండ.

చెయ్యి తీసి, "ఇక్కడ ఎండ మండిపోతోందే" అంది.

కాసేపటికి, "ఇక్కడా అంతేనక్కా" అంది చెల్లెలు. అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినబడింది.